ఆటగాళ్ల మార్పిడి: సాహసమా, జూదమా?

పల్నాడు నుంచి ఒంగోలు దాకా పరచుకొన్న మన మిరప, పత్తి నేలల్లో మార్పిడి అన్న మాటకు అర్థం విప్పి చెప్పవలసిన పని లేదు. కల్లంలో ఎండిన కాయను వెంటనే గుంటూరు యార్డుకు తోలి వచ్చిన ధరకు అమ్ముకోవడమా, శీతల గిడ్డంగిలో దాచి మంచి ధర కొరకు వేచి ఉండడమా అన్న ప్రశ్న మిరప రైతుకు ఏటేటా ఎదురవుతుంది. నిరుడు మిరప వేసిన చేలో ఈ ఏడు పత్తి వేయడమా, మానడమా అన్నదీ అటువంటి ప్రశ్నే. చేతిలో ఉన్నదాని విలువ మనకు తెలుసు. రాబోయేదాని విలువ తెలియదు. తెలిసినదానిని ఇచ్చి తెలియనిదానిని పుచ్చుకోవడమే సాహసం. ఈ సాహసం ఆటల జట్లలో ఏ విధంగా నడుస్తున్నది, ఎప్పుడు ఫలిస్తున్నది, ఎప్పుడు బెడిసికొడుతున్నది అన్న సంగతిని ఈ ప్రసంగంలో విచారిద్దాము.

ఈ విద్య మర్మం బాగా ఎరిగినవారు మన పల్లెల్లోనే ఉన్నారు. వారు పందెపు ఎడ్లను మేపేవారు. సంక్రాంతికీ తిరునాళ్లకూ జరిగే బండలాగుడు పోటీలలో ఒంగోలు జాతి ఎడ్లను పళ్ల లెక్కను బట్టి తరగతులుగా విభజిస్తారు. నిర్ణీతమైన కాలంలో బండను ఎక్కువ దూరం లాగిన జతకు బహుమతి. జతలో ఒక ఎద్దు చురుకైనది, రెండవది కొంచెం వెనుకబడేది అయినప్పుడు యజమాని ముందు రెండు దారులు ఉంటవి. ఉన్న జతకే సాధన చేయించి పోటీకి దించడం ఒకటి. వెనుకబడే ఎద్దును అమ్మి, పైన కొంత సొమ్ము వేసి, పేరుపడ్డ ఎద్దును పొరుగూరి నుంచి తెచ్చుకోవడం రెండవది. రెండవ దారి చూడటానికి సులభంగా కనిపిస్తుంది. కాని తెచ్చిన ఎద్దు ఒంటరిగా ఎంత బలిష్ఠమైనదైనా పక్క ఎద్దుతో అడుగు కలవకపోతే కాడి ఒక వైపుకు ఒరిగిపోతుంది. ఎలపట అలవాటైన దానిని దాపట కడితే నడకే మారిపోతుంది. బలం పెరిగి కూడ దూరం తగ్గడం సంభవమే. పోటీకి ఎంత ముందు మార్చాము, ఎవరి పక్కన కట్టాము, ఏ లోటు తీర్చడానికి తెచ్చాము అన్న మూడు ప్రశ్నల మీద ఫలితం ఆధారపడి ఉంటుంది. ఆటగాళ్ల మార్పిడికి కూడ ఈ మూడు ప్రశ్నలే గీటురాళ్లు.

పూర్వం మన దేశపు క్రీడలలో ఈ ప్రశ్న పుట్టనే లేదు. రంజీ పోటీలలో ఆంధ్ర జట్టుకు ఆంధ్రులు, హైదరాబాదు జట్టుకు హైదరాబాదు వారు ఆడడం సహజంగా ఉండేది. ఆటగాడు ఉద్యోగరీత్యానో అవకాశం కొరకో వేరొక రాష్ట్రానికి వెళ్లడం ఉన్నదే గాని, ఒక జట్టు తన ఆటగాడిని ఇంకొక జట్టుకు ఇచ్చి బదులుగా వేరొకరిని పుచ్చుకోవడం లేదు. 2008లో ఇండియన్ ప్రీమియర్ లీగ్ ప్రారంభమై, ఆటగాళ్లను వేలంలో కొనడం మొదలైన తరువాతనే ఈ ఇచ్చిపుచ్చుకోవడం మన ఇళ్లలో చర్చకు వచ్చింది. మరుసటి సంవత్సరమే, అంటే 2009 జనవరిలో, బెంగుళూరు జట్టు జహీర్ ఖాన్‌ను ముంబయికి ఇచ్చి రాబిన్ ఉతప్పను తీసుకొన్నది. ముంబయి జట్టు ఆశిష్ నెహ్రాను ఢిల్లీకి ఇచ్చి శిఖర్ ధావన్ అనే యువకుడిని తీసుకొన్నది. ఈ ధావన్ పేరును శ్రోతలు జ్ఞాపకం ఉంచుకోవలసిందిగా కోరుతున్నాను. మన కథకు ఆయనే నాయకుడు.

ఈ ఆచారానికి పుట్టినిల్లు వంటిది ఉత్తర అమెరికా. అక్కడి మంచు హాకీ పోటీలలో సీజను చివరి దశకు వచ్చిన తరువాత, ప్లే-ఆఫ్ పోటీలకు కొద్ది వారాల ముందు, మార్పిడికి ఒక గడువు తేదీ ఉంటుంది. ఆ తేదీ దాటితే ఉన్నవారితోనే పోరాడాలి. అందుచేత ఆ రోజు సమీపించే కొద్దీ ప్రతి యాజమాన్యం తన బలాన్నీ లోటునూ తూచి చూసుకొంటుంది. కప్పు గెలిచే ఆశ ఉన్న జట్టు భవిష్యత్తును తాకట్టు పెట్టి వర్తమానాన్ని కొంటుంది. ఆశ లేని జట్టు వర్తమానాన్ని అమ్మి భవిష్యత్తును కొనుక్కొంటుంది. ఇద్దరి అవసరాలు వేరు గనుకనే బేరం కుదురుతుంది.

ఇందుకు ఆదర్శంగా చెప్పుకొనే మార్పిడి 1980 మార్చి 10న జరిగింది. న్యూయార్క్ ఐలాండర్స్ మంచి జట్టే. కాని ప్లే-ఆఫ్ దశకు రాగానే తడబడేది. మధ్యస్థానంలో బ్రయాన్ ట్రాటియర్‌కు తోడుగా నిలువగల రెండవవాడు లేకపోవడం దాని లోటు. యాజమాన్యం ఆ లోటును గుర్తించి లాస్ ఏంజలిస్ జట్టు నుంచి బుచ్ గోరింగ్‌ను తెచ్చుకొన్నది. ఇచ్చినది ఎవరిని? డేవ్ లూయిస్ అనే రక్షణ ఆటగాడిని, అతనితోపాటు బిల్లీ హారిస్‌ను. 1972లో జట్టు పుట్టినప్పుడు కొత్త ఆటగాళ్ల ఎంపికలో అందరికంటె ముందు ఏరికోరి తీసుకొన్నవాడు ఈ హారిస్. అభిమానులకు అతడు ఇంటి పెద్దకొడుకు వంటివాడు. అటువంటివానిని వదులుకోవడం తేలిక కాదు. కాని ఆ వసంతంలోనే ఐలాండర్స్ స్టాన్లీ కప్పు గెలిచింది. గెలిచి ఊరుకోలేదు. 1983 దాకా వరుసగా నాలుగు సంవత్సరాలు గెలిచింది. ఇక్కడ గమనించవలసినది ఒకటి ఉన్నది. మొదటి కప్పు గెలిచిన 1980 పోటీలలో గోరింగ్ అందరికంటె గొప్ప ఆటగాడు కాడు. జట్టులో ఖాళీగా ఉన్న చోటుకు సరిగా అమరినవాడు. కొన్నది పేరును కాదు, అమరికను.

ప్రతి మార్పిడి ఇట్లా ఫలించదు. 2008 ఫిబ్రవరిలో పిట్స్‌బర్గ్ జట్టు మారియన్ హోసా కొరకు ఇద్దరు ఆటగాళ్లనూ, ఒక యువకుడినీ, రాబోయే ఎంపికలో మొదటి వరుస అవకాశాన్నీ అట్లాంటాకు ఇచ్చివేసింది. జట్టు అంతిమ పోటీ దాకా వెళ్లి డెట్రాయిట్ చేతిలో ఓడింది. హోసా ఒప్పందం ఆ వేసవితోనే ముగిసినందున, గెలిచే అవకాశం అక్కడే ఎక్కువని తలచి, ఆయన డెట్రాయిట్‌లోనే చేరాడు. మరుసటి సంవత్సరం అంతిమ పోటీ మళ్లీ ఆ రెండు జట్ల మధ్యనే జరిగింది. ఈసారి గెలిచింది పిట్స్‌బర్గ్! చివరకు 2010లో మూడవ జట్టు షికాగో పక్షాన ఆడి ఆయన కప్పు అందుకొన్నాడు. దూరపు కొండలు నునుపు అన్న సామెత యాజమాన్యాలకే కాదు, ఆటగాళ్లకు కూడ వర్తిస్తుందని ఈ వృత్తాంతం తెలుపుతున్నది.

మన ప్రీమియర్ లీగ్‌లో నియమాలు కొంత భిన్నం. మార్పిడి ప్రధానంగా సీజనుకూ సీజనుకూ నడుమ జరుగుతుంది. వేలానికి కొద్ది రోజుల ముందు దాకా ఒక గడువు, వేలం తరువాత మరొక గడువు ఉంటవి. ఆటగాడికి ఆటగాడిని ఇవ్వవచ్చును, లేదా సొమ్ము తీసుకొని ఇవ్వవచ్చును. ఇరువురి ధరలలో తేడా ఉంటే ఆ తేడాను సర్దుకోవాలి. ఆటగాడి సమ్మతి తప్పనిసరి. క్రికెట్ బోర్డు ఆమోదమూ అవసరం. అయితే ఆటగాడు తనంతట తాను వేరొక జట్టుతో బేరమాడరాదు. అట్లా ప్రయత్నించినందుకు రవీంద్ర జడేజా 2010 సీజను మొత్తం ఆటకు దూరం కావలసి వచ్చింది. మంచు హాకీ యాజమాన్యానికి మార్చి నెలలో తన జట్టు ఏ స్థానంలో ఉన్నదో ఎదుట కనిపిస్తుంది. మన యాజమాన్యం నవంబరులోనే మరుసటి మే నెలను ఊహించవలసి ఉంటుంది. విత్తనం వేసేనాడే కోతనాటి ధరను ఊహించడం వంటిది ఇది. అందుచేత ఇక్కడి సాహసం మరింత కఠినం.

ఇక మన తెలుగు ప్రేక్షకులను కలవరపెట్టిన మార్పిడికి వస్తాను. 2018 మే నెలలో హైదరాబాదు సన్‌రైజర్స్ అంతిమ పోటీ దాకా వెళ్లి చెన్నై చేతిలో ఓడింది. ఆ జట్టు ఇన్నింగ్సును ఆరంభించే శిఖర్ ధావన్ ఆ సంవత్సరం 497 పరుగులు చేశాడు. 2016లో జట్టు కప్పు గెలిచినప్పుడు ఆయన చేసినవి 501. డేవిడ్ వార్నర్ తరువాత ఆ జట్టుకు ఎక్కువ పరుగులు కూర్చినవాడు ఆయనే. అటువంటి ఆటగాడిని ఆ ఏటి చివర హైదరాబాదు యాజమాన్యం ఢిల్లీకి ఇచ్చివేసింది. వేలంలో వచ్చిన తన ధర పట్ల ధావన్‌కు అసంతృప్తి ఉన్నదనీ, నియమాల ప్రకారం దానిని పెంచడం వీలుపడదనీ యాజమాన్యం ప్రకటించింది. ఆయన ధర 5.2 కోట్ల రూపాయలు. బదులుగా వచ్చినవారు ముగ్గురు: 3.2 కోట్ల విజయ్ శంకర్, 3.2 కోట్ల షాబాజ్ నదీమ్, 55 లక్షల అభిషేక్ శర్మ. మొత్తం 6.95 కోట్లు. తేడాగా 1.75 కోట్లను హైదరాబాదే ఢిల్లీకి చెల్లించింది. ఒకరిని ఇచ్చి, పైన సొమ్ము కూడ ఇచ్చి ముగ్గురిని తెచ్చుకొన్నదన్న మాట.

తక్షణ ఫలితం ఎట్లా ఉన్నదో చూడండి. 2019లో ధావన్ ఢిల్లీకి 521 పరుగులు చేశాడు. 2012 తరువాత ఢిల్లీ మొదటిసారి ప్లే-ఆఫ్ చేరింది. ఆ ప్లే-ఆఫ్‌లో మే 8న మన విశాఖపట్నంలో ఢిల్లీకి ఎదురైనది హైదరాబాదే. చివరి ఓవరులో రెండు వికెట్ల తేడాతో ఢిల్లీ గెలిచి హైదరాబాదును ఇంటికి పంపింది. 2020లో ధావన్ 618 పరుగులు చేశాడు. వరుసగా రెండు ఆటలలో శతకాలు సాధించాడు. నవంబరు 8న అబూదాబీలో అంతిమ పోటీకి ముందటి మెట్టు మీద మళ్లీ ఆ రెండు జట్లే తలపడినవి. ధావన్ 50 బంతులలో 78 పరుగులు చేశాడు. హైదరాబాదు 17 పరుగుల తేడాతో ఓడింది. ఢిల్లీ మొట్టమొదటిసారి అంతిమ పోటీలో అడుగుపెట్టింది. తాము సాగనంపిన ఆటగాడి జట్టే వరుసగా రెండేళ్లు తమ దారికి అడ్డు నిలిచింది. వచ్చిన ముగ్గురిలో శంకర్ గాని, నదీమ్ గాని ఆశించినంత ఫలం ఇవ్వలేదు. 2020 నాటికి ఈ మార్పిడిని తూచినవారు నష్టమనే తీర్పు చెప్పి ఉంటారు. ఆనాటికి ఆ తీర్పు న్యాయమైనదే.

కాని మూడవవాడు మిగిలి ఉన్నాడు. మార్పిడి నాటికి అభిషేక్ శర్మ వయస్సు 18 సంవత్సరాలు. ఢిల్లీకి ఆడిన మొదటి ఆటలోనే 19 బంతులకు 46 పరుగులు చేసి అవుట్ కాకుండా నిలిచినవాడు. కాని హైదరాబాదులో కొన్నేళ్లపాటు అతనికి దొరికినవి అరకొర అవకాశాలే. 2022 వేలానికి ముందు చాలామందితోపాటు అతన్నీ విడిచిపెట్టి, వేలంలో 6.5 కోట్లకు మళ్లీ కొన్నారు. 2024లో అతడు 484 పరుగులు చేశాడు. వంద బంతులకు రెండు వందలకు పైబడిన వేగంతో, 42 సిక్సర్లతో చేశాడు. జట్టు అంతిమ పోటీకి చేరింది. 2025కు 14 కోట్లకు నిలుపుకొన్నారు. ఆ ఏప్రిల్ 12న ఉప్పల్‌లో పంజాబు మీద 55 బంతులలో 141 పరుగులు చేసి, 246 పరుగుల లక్ష్యాన్ని ఛేదించడానికి కారకుడైనాడు. ఆ జూలైలో ప్రపంచ టీ-20 బ్యాట్స్‌మెన్ పట్టికలో మొదటి స్థానానికి ఎక్కాడు. బేరంలో కొసరుగా వచ్చిన 55 లక్షల కుర్రవాడు అసలును మించిపోయినాడు.

దీనిని బట్టి ఆ మార్పిడి లాభమని చెప్పుదామా, నష్టమని చెప్పుదామా? నా దృష్టిలో రెండు ఖాతాలు వేరుగా రాయాలి. ప్లే-ఆఫ్ గెలుపు కొరకు చేసిన మార్పిడిగా అది విఫలమైనది. బలమైన చోటును ఖాళీ చేసి, మధ్యస్తమైన బలాన్ని రెండు మూడు చోట్లకు పంచినారు. గోరింగ్ కథకు ఇది సరిగా తిరుగుడు. దూరదృష్టితో నాటిన మొక్కగా చూస్తే అది ఫలించింది. అయితే ఫలానికి ఆరు సంవత్సరాలు పట్టింది. నడుమ 2021లో జట్టు అట్టడుగున నిలిచింది. మామిడి మొక్క నాటి, మరుసటి వేసవికి కాయలు లేవని నిందించడం తగదు. మరుసటి వేసవికి కాయలే కావలసినవాడు మామిడి మొక్క నాటడమూ తగదు. ఏ ఋతువు కొరకు సాహసిస్తున్నామో ముందు తేల్చుకోవాలి.

అన్ని సాహసాలూ మార్పిడి రూపంలోనే ఉండవు. 2008లో హైదరాబాదు డెక్కన్ చార్జర్స్ 14 ఆటలలో రెండే గెలిచి చివరి స్థానంలో నిలిచింది. మరుసటి ఏడు ఆడం గిల్‌క్రిస్ట్ పూర్తికాలపు నాయకుడైనాడు. శిక్షకుడూ మారాడు. ఎక్కువమంది పాతవారితోనే ఆ జట్టు 2009 మే 24న జొహన్నెస్‌బర్గ్‌లో బెంగుళూరును ఆరు పరుగుల తేడాతో ఓడించి కప్పు తెచ్చింది. 2023లో పదింటిలో పదవదిగా మిగిలిన సన్‌రైజర్స్ 20.5 కోట్లు పోసి పాట్ కమిన్స్‌ను కొని, పగ్గాలు అప్పగించింది. ఆ ధర విని నవ్వినవారు ఉన్నారు. 2024 మే 26న చెన్నైలో జరిగిన అంతిమ పోటీలో జట్టు 113 పరుగులకే కూలి ఓడిన మాట నిజమే. కాని పదవ స్థానం నుంచి అంత దూరం రావడం సామాన్యం కాదు. ఎడ్లు అవే అయినా తోలేవాడు మారితే నడక మారుతుందని ఈ రెండు ఉదాహరణలు చెబుతున్నవి.

ఒక్కని మీదనే భారమంతా మోపడం మాత్రం గాలిలో దీపం పెట్టడం వంటిది. కబడ్డీలో పవన్ సెహ్రావత్ గొప్ప ఆటగాడన్నది నిస్సందేహం. 2022లో తమిళ తలైవాస్ 2.26 కోట్లకు పైగా చెల్లించి ఆయనను కొన్నది. మొదటి ఆటలోనే ఆయనకు గాయం అయింది. ఆయన లేకుండానే ఆ జట్టు మొదటిసారి సెమీ-ఫైనల్ చేరింది. 2023లో మన తెలుగు టైటన్స్ 2.6 కోట్లకు పైగా, అప్పటికి రికార్డు ధరకు, ఆయనను తెచ్చుకొన్నది. 22 ఆటలలో గెలిచినవి రెండు, 12 జట్లలో స్థానం చివరిది. లోపం ఆ ఆటగాడిది కాదు. సొమ్మంతా ఒక చోట పెట్టి మిగిలిన ఆరు చోట్లనూ బోసిగా వదిలినప్పుడు ఏ వీరుడైనా ఏమి చేయగలడు? ఆయన వెళ్లిపోయిన తరువాత, 2025లో, భారాన్ని నలుగురూ పంచుకొన్న టైటన్స్ ప్లే-ఆఫ్ చేరింది.

ఈ పాఠాలన్నిటినీ ముందు పెట్టుకొని, 2025 నవంబరు గడువులో హైదరాబాదు సన్‌రైజర్స్ ఎదుట ఉన్న లెక్కను మనమే వేసి చూద్దాము. ఆ ఏడు జట్టు మార్చి 23న రాజస్థాన్ మీద 286 పరుగులు, మే 25న కలకత్తా మీద 278 పరుగులు చేసింది. అయినా ఆరవ స్థానంతో సరిపెట్టుకొన్నది. కారణం ధరల పట్టికలోనే ఉన్నది. క్లాసెన్‌కు 23 కోట్లు, కమిన్స్‌కు 18, అభిషేక్‌కు 14, ట్రావిస్ హెడ్‌కు 14, నితీశ్ కుమార్ రెడ్డికి 6. అయిదుగురికే 75 కోట్లు. అనుమతించిన 120 కోట్లలో మిగిలినవి 45. అందులో పేరుగల స్పిన్ బౌలర్లు ఇద్దరికి, రాహుల్ చాహర్‌కూ ఆడం జంపాకూ, వెచ్చించినవి కలిపి 5.6 కోట్లు. జంపా గాయంతో తొందరలోనే తప్పుకొన్నాడు. మధ్య ఓవర్లలో ఎదుటివారి చేతులు కట్టగల స్పిన్నరు లేని జట్టు అది.

అందుచేత నా ప్రతిపాదన ఇది. వినగానే శ్రోతలలో కొందరికి కోపం రావచ్చును. హెన్రిక్ క్లాసెన్‌ను కలకత్తాకు ఇచ్చి, 12 కోట్ల ధర గల వరుణ్ చక్రవర్తిని తెచ్చుకోవడం. మే 25న అదే కలకత్తా మీద 37 బంతులలో శతకం చేసిన క్లాసెన్‌నా అని అడుగుతారు. అవును, ఆయననే. పనికిరానివానిని ఇస్తామంటే పనికివచ్చేవానిని ఎవ్వరూ ఇవ్వరు. మార్పిడిలో మొదటి సూత్రం ఇది. ఇచ్చేది మనకు నొప్పి కలిగించేదిగా ఉంటేనే పుచ్చుకొనేది మన లోటు తీర్చేదిగా ఉంటుంది. ఎదుటి పక్షానికి ఏమి లాభమన్నది రెండవ ప్రశ్న. 2025 ఏప్రిల్ 15న కలకత్తా జట్టు 112 పరుగుల లక్ష్యాన్ని అందుకోలేక 95కే కూలింది. వారికి కావలసినది నడిమి వరుసలో నిలిచి కొట్టగలవాడు. అంతర్జాతీయ క్రికెట్ నుంచి ఆ జూన్‌లో విరమించిన క్లాసెన్ వారికి చక్కగా అమరుతాడు.

మనకు కలిగే లాభాలు మూడు. మధ్య ఓవర్ల లోటు తీరుతుంది. ధరలలోని తేడా వల్ల వేలానికి పదకొండు కోట్లు మిగులుతవి. అన్నిటికంటె ముఖ్యమైనది మూడవది. తుది జట్టులో విదేశీయులు నలుగురికి మించరాదు. క్లాసెన్ విదేశీయుడు, వరుణ్ స్వదేశీయుడు. ఆ చోటు ఖాళీ అయితే ఇంకొక విదేశీ బౌలరును దించవచ్చును. వికెట్ల వెనుక నిలువడానికి ఇషాన్ కిషన్ ఉండనే ఉన్నాడు.

ఇక అపాయాలనూ దాచకుండా చెప్పాలి. ఉప్పల్ నేల తరచు బ్యాట్స్‌మెన్ పక్షం. అక్కడ స్పిన్నరు మాయ పారకపోవచ్చును. వరుణ్ వయస్సు కూడ క్లాసెన్ వయస్సే. ఇద్దరూ 1991లో పుట్టినవారు. కొత్త బంతి మర్మం ఒకసారి బయటపడితే స్పిన్నరు విలువ సగమవుతుంది. అభిషేక్, హెడ్ ఇద్దరూ తొందరగా అవుటైన నాడు ఆదుకొనేవారు ఉండరు. ధావన్ విషయంలో జరిగినట్లు, ఇచ్చినవాడే ప్లే-ఆఫ్‌లో ఎదురుపడి దెబ్బతీయవచ్చును. ఇవన్నీ నిజమైన అపాయాలు. అయినా ఈ బేరాన్ని జూదమని అనను. లోటు ఏదో తెలిసి, వచ్చేవాడు ఆ లోటుకు సరిపోతాడని తెలిసి, ఓడితే ఎంత నష్టమో ముందే లెక్క కట్టి వేసిన అడుగు సాహసం. పేరు చూసి, గుంపు కేక విని వేసిన అడుగు జూదం. ఆ నవంబరులో యాజమాన్యం ఇంత దూరం పోలేదు. మహమ్మద్ షమీని పది కోట్లకు లక్నోకు ఇచ్చి, క్లాసెన్‌ను నిలుపుకొన్నది. అది జాగ్రత్త గల దారి. కాని బౌలింగు లోటు గల జట్టు బౌలరునే అమ్ముకోవడం, విత్తనాల సంచి అమ్మి ఎరువు కొన్నట్లు నాకు తోచింది.

అదే గడువులో చెన్నై ఎంత సాహసించిందో గమనించండి. 2012 నుంచి తమతో పెనవేసుకొన్న జడేజాను, 2023 అంతిమ పోటీలో చివరి బంతికి కప్పు తెచ్చినవానిని, సామ్ కరన్‌తో కలిపి రాజస్థాన్‌కు ఇచ్చి సంజూ శాంసన్‌ను తీసుకొన్నది. 18 కోట్ల జడేజా ధర ఈ మార్పులో 14 కోట్లకు దిగింది. 2008లో తాను ఆట మొదలుపెట్టిన జట్టుకే ఆయన తిరిగి చేరుకొన్నాడు. పుట్టింటికి వెళ్లడమే అయినా, కాపురం చేసిన ఇల్లు విడిచేటప్పుడు కన్ను చెమర్చక మానదు.

ఇక్కడ మనం మరువరాని విషయం ఒకటి ఉన్నది. ఎడ్ల జత మార్చేటప్పుడు ఎద్దును అడగనక్కరలేదు. మనిషిని అడగాలి. మన గుంటూరులో పుట్టిన అంబటి రాయుడు జీవితాన్నే తీసుకోండి. మార్పిడి ద్వారా కాకపోయినా వేలం ద్వారా ఆయన జట్టు మారింది. ముంబయిలో ఎనిమిది సీజనులు ఆడి, మూడు కప్పులలో పాలు పంచుకొన్న తరువాత, 2018లో ఆ జట్టు ఆయనను నిలుపుకోలేదు. చెన్నై 2.2 కోట్లకు కొన్నది. ఆ ఏడే ఆయన 602 పరుగులు చేశాడు. మే 13న హైదరాబాదు మీదనే శతకం కొట్టాడు. చెన్నైతో 2018, 2021, 2023 సంవత్సరాలలో మరి మూడు కప్పులు అందుకొని విరమించాడు. ఒక చోట ముగిసిందనుకొన్న బతుకు ఇంకొక చోట చిగురించింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదని తలచేవారికి ఇది హెచ్చరిక.

అదే గుంటూరు బిడ్డ షేక్ రషీద్. 2022లో ప్రపంచ కప్పు గెలిచిన పందొమ్మిదేళ్లలోపు జట్టుకు ఉపనాయకుడు. ఆ ఏటి చివరి వేలంలో చెన్నై అతన్ని 20 లక్షలకు తీసుకొన్నది. 2023, 2024 సీజనులు రెండూ ఒక్క ఆటయినా ఆడకుండా గడిచినవి. 2025 ఏప్రిల్ 14న లక్నో మీద మొదటి అవకాశం దొరికింది. 19 బంతులలో 27 పరుగులు చేశాడు. గొప్ప జట్టు బల్ల మీద కూర్చొని నేర్చుకోవడం మేలా, చిన్న జట్టుకు మారి మైదానంలో నేర్చుకోవడం మేలా అన్న ప్రశ్న ఇటువంటి యువకులకు జీవన్మరణ సమస్య. యాజమాన్యానికి మార్పిడి పద్దు పుస్తకంలో ఒక వరుస. ఆటగాడికి అది యౌవనంలో కొన్ని సంవత్సరాలు. మంచు హాకీలో బోస్టన్ జట్టుకు ఇరవై సీజనులకు పైగా ఆడిన రే బోర్క్‌కు కప్పు దక్కలేదు. కప్పు ఆశతో ఆయనే కోరగా 2000 మార్చిలో ఆ జట్టు ఆయనను కొలరాడోకు పంపింది. 2001 జూన్‌లో ఆయన చేతికి కప్పు అందింది. పాత జట్టు నగరం కూడ ఆయన గెలుపును పండుగ చేసుకొన్నది. మార్పిడిలో మర్యాద ఉంటే ఎడబాటు కూడ ఆనందంగా పరిణమిస్తుందనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

సారాంశం చెప్పి విరమిస్తాను. జట్టు లోటు ఏదో ముందు నిజాయితీగా తెలుసుకోవాలి. ఆ లోటుకు అమరేవానినే కోరాలి గాని పేరుకు ఆశపడరాదు. ఇచ్చేది విలువైనదిగా ఉండాలి. ఎదుటివారికి లాభం చూపాలి. ఫలితం ఏ ఋతువుకు కావాలో నిర్ణయించుకొని, అందాకా ఓర్చుకోవాలి. మారే ఆటగాడి మనస్సును మన్నించాలి. ఇన్ని పాటించి కూడ ఓడిపోవచ్చును. ఆట అంటే అదే. మిరప రైతు అన్ని జాగ్రత్తలూ తీసుకొన్నా అకాల వర్షం కల్లాన్ని తడపవచ్చును. అంతమాత్రాన మరుసటి ఏడు నారు పోయడం ఎవరూ మానరు. వచ్చే గడువులో మీ అభిమాన జట్టు ఒక ప్రియమైన ఆటగాడిని సాగనంపినప్పుడు, వెంటనే కోపించకుండా, ఏ లోటు కొరకు ఈ నొప్పి భరించారో ఒకసారి ఆలోచించి చూడండి. సమాధానం దొరికితే సాహసమని మెచ్చుకోండి. దొరకకపోతే జూదమని నిస్సంకోచంగా నిలదీయండి. ఆ హక్కు ప్రేక్షకులది.